‘చంద్రునిలో స్త్రీ’: ఒక జర్మను మూకచిత్రమున లెక్కయు కల్పనయు

జర్మను భాషలో చంద్రుడు పుంలింగము. తెలుగు బిడ్డలకు చందమామ మేనమామ యైనట్లే, జర్మను బిడ్డలకును పున్నమినాటి మచ్చలలో కనబడువాడు కట్టెలమోపు మోయు ఒక పురుషుడు. తెలుగువారు అచ్చట కుందేలును చూచి శశాంకుడని పేరిడిరి. ఆ కట్టెలవాని స్థానమున ఒక యువతిని నిలిపి, ‘ఫ్రావ్ ఇమ్ మోండ్’, అనగా ‘చంద్రునిలో స్త్రీ’ అను పేరుతో ఫ్రిట్జ్ లాంగ్ నిర్మించిన చిత్రము 1929 అక్టోబరు 15వ తేదీన బెర్లిను నగరమున మొదటిసారి ప్రదర్శింపబడినది. పేరులోని చమత్కారమును ఆనాటి జర్మను ప్రేక్షకుడు విన్నంతనే గ్రహించి యుండును. పరదేశములకు పోయినపుడు అది నిలువలేదు. అమెరికాలో దీనిని కుదించి, ‘రాకెట్టుపై చంద్రునికి’ అను అర్థము వచ్చు పేరుతో ప్రదర్శించిరి. పేరు మార్చినవారు స్త్రీని తొలగించి రాకెట్టును నిలిపిరి. చిత్రచరిత్ర వ్రాసినవారును చాలవరకు ఆ పనియే చేసిరి.

లాంగ్ 1890లో వియన్నా నగరమున జన్మించినవాడు. అతని పేరు చెప్పగనే ఎవరికైనను 1927 నాటి ‘మెట్రోపొలిస్’ స్ఫురించును. ఆ చిత్రము 50 లక్షల మార్కులకు మించి వ్యయము చేయించి, నిర్మించిన ఉఫా సంస్థను దివాలా అంచునకు చేర్చినది. ఆ సంస్థ అదే సంవత్సరము ఆల్ఫ్రెడ్ హుగెన్‌బెర్గ్ అను పత్రికాధిపతి చేతిలోనికి పోయినది. ‘మెట్రోపొలిస్’ నందు యంత్రము మనుష్యులను మ్రింగు భూతము. రెండేండ్లు గడచునప్పటికి అదే దర్శకుడు, అదే రచయిత్రి, అతని భార్య తేయా ఫాన్ హార్బూ, యంత్రమును ప్రేమించి, దాని ప్రతి మరను తడవి చూపు చిత్రమును తీసిరి. ఈ మార్పునకు కారణము ఒక గణితశాస్త్రజ్ఞుడు.

హెర్మన్ ఓబెర్త్ 1894లో ట్రాన్సిల్వేనియా ప్రాంతమున జన్మించెను. రాకెట్టు సహాయమున భూమ్యాకర్షణను దాటవచ్చునని నిరూపించుచు అతడు వ్రాసిన సిద్ధాంతవ్యాసమును హైడెల్బర్గు విశ్వవిద్యాలయము త్రోసిపుచ్చినది. 1923లో అతడు దానిని గ్రంథముగ ప్రకటించెను. సమీకరణములతో నిండిన ఆ చిన్న పుస్తకమును చదివి ఉత్సాహపడిన యువకులు 1927లో బ్రెస్లావు పట్టణమున అంతరిక్షయాన సంఘమును స్థాపించిరి. వారిలో విల్లీ లై అను విజ్ఞానరచయిత యొకడు. లాంగ్ ఈ యిరువురను తన చిత్రమునకు సలహాదారులుగ చేర్చుకొనెను. అంతటితో ఆగక, ప్రచారము కొరకు నిజమైన రాకెట్టునొకదానిని చేసి ఎగురవేయవలసినదిగ ఓబెర్త్‌ను కోరిరి. చిత్రము వెలువడు నాటికి ఆ రాకెట్టు సిద్ధము కాలేదు. ప్రయోగములలో జరిగిన పేలుడు వలన ఓబెర్త్ కంటికి గాయమైనది. ఐనను అతడు 1929లో ప్రకటించిన తన బృహద్గ్రంథమును లాంగ్, హార్బూ దంపతులకే అంకితమిచ్చెను. శాస్త్రజ్ఞుడు తన కృతిని చలనచిత్రకారునికి అంకితమిచ్చుట అరుదైన విషయము.

కథలోను ఇటువంటి శాస్త్రజ్ఞుడొకడు కలడు. చంద్రుని కొండలలో బంగారము కలదని చెప్పినందులకు పండితసభలో పరిహాసము పాలైన వృద్ధుడు, ఆచార్య మాన్‌ఫెల్ట్. చినిగిన కోటుతో, ఆకలితో, మేడమీది ఇరుకు గదిలో బ్రదుకుచున్నాడు. అతనిని నమ్మినవాడు హేలియస్ ఒక్కడే. హేలియస్ చంద్రునికి పోవు నౌకను నిర్మించును. అతని సహచరుడు విండెగ్గర్ అను ఇంజనీరు. ఆ ఇంజనీరునకు వాగ్దత్తయైన ఫ్రీడ ఖగోళశాస్త్ర విద్యార్థిని. హేలియస్ ఆమెను మౌనముగ ప్రేమించుచుండును. లోకపు బంగారమును చేతబట్టుకొనిన ఐదుగురు ధనికులు తమ గూఢచారియైన టర్నరును పంపి, నౌక పటములను దొంగిలించి, అతనిని కూడ వెంట తీసికొనిపోవలెనని హేలియస్‌ను నిర్బంధింతురు. చిత్రము మొదటి గంటకు మించిన భాగము ఈ దొంగతనములకును బెదిరింపులకును వ్యయమగును. సుమారు 169 నిమిషముల చిత్రములో ఇది ఓర్పును పరీక్షించు భాగమని అంగీకరింపవలెను. లాంగ్ అంతకుముందటి సంవత్సరము తీసిన ‘గూఢచారులు’ చిత్రపు పాత సరకు ఇందులోనికి దొర్లివచ్చినది.

రాకెట్టు గిడ్డంగి తలుపులు తెరచుకొన్న క్షణమునుండి మరియొక చిత్రము ప్రారంభమగును.

రాత్రివేళ. సెర్చిలైట్లు. అసంఖ్యాకులైన ప్రజలు. నిలువుగ నిలిపి కూర్చిన నౌక మహోన్నతమైన గిడ్డంగినుండి పట్టాలపై మెల్లగ వెలుపలికి వచ్చును. కట్టడముల ఎత్తును చూపి మనిషిని చిన్నవానిగ చేయుట లాంగ్‌కు అలవాటే; ఇచ్చట ఆ అలవాటునకు ప్రయోజనము చేకూరినది. ఆ నౌక తన కాళ్ళపై తాను నిలువజాలనంత తేలికయైనది కావున నీటి తొట్టిలో నిలిపి ఎగురవేయుదురు. ఈ ఒక్క విషయమును విడిచినచో, శ్రీహరికోటలోని రెండవ ప్రయోగవేదికను ఎరిగినవారికి ఈ దృశ్యము వింతగ తోపదు. అచ్చటను రాకెట్టును ఎత్తైన భవనములో నిలువుగ కూర్చి, పట్టాలపై వేదికకు చేర్తురు. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరినది ఆ వేదిక నుండియే. చిత్రములోని నౌక ద్రవ ఇంధనముతో నడచును; ఒక భాగము పని ముగియగనే దానిని విడిచివేసి రెండవ భాగము ముందుకు సాగును. ప్రయాణికులు వెల్లకిల పరుండి పట్టీలతో బంధింపబడియుందురు. సెకండునకు 11,200 మీటరుల వేగమును అందుకొనుటకు పట్టు 8 నిమిషములను మానవదేహము ఓర్చుకొనగలదా యన్నది ప్రశ్న. ఇదంతయు 1929లో, ఒక్క ద్రవ ఇంధన రాకెట్టైనను జర్మనీలో సరిగ ఎగురకమునుపు చూపినది.

ఈ దృశ్యమునకు కీర్తి తెచ్చినది మాత్రము యంత్రము కాదు, లెక్క. ప్రయోగము సమీపించుకొలది తెరపై అక్షరములు పడును: ఇంక పది సెకండ్లు. అటుపిమ్మట ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, చివర, ‘ఇప్పుడు’. ఒకటినుండి పైకి లెక్కించినచో ఎచ్చట ఆగునో చూచువానికి తెలియదు; పైనుండి క్రిందికి లెక్కించినచో అంతము తెలియును కావున ఉత్కంఠ కలుగును. అందువలననే తాను వెనుకకు లెక్కింపించితినని లాంగ్ తరువాతి కాలమున చెప్పుకొనెను. ఇటువంటి లెక్క అంతకుముందు ఎన్నడును ఎచ్చటను లేదనుట సాహసమగును. కాని రాకెట్టునకు వెనుకలెక్కను ముడివేసి లోకమునకు చూపినది ఈ చిత్రమనుటలో సందేహము లేదు.

ఇది మూకచిత్రమునకు మాత్రమే పుట్టదగిన ఉపాయము. శబ్దచిత్రములో ఒక గంట మ్రోగించిన చాలును, ఒక కంఠము ‘సిద్ధము’ అన్న చాలును. మూకచిత్రకారునికి కాలమును వినిపించు సాధనము లేదు, చూపవలసినదే. కథను అడ్డగించు అక్షరఫలకము సాధారణముగ మూకచిత్రమునకు భారము; ప్రేక్షకుడు దానిని సహించును, ప్రేమింపడు. లాంగ్ ఆ భారమునే గడియారముగ మార్చెను. ఫలకము పడుటయే ఒక సెకండు గడచుట. దక్షిణదేశపు ప్రదర్శనశాలలలో మూకచిత్రముల కాలమున తెరపై అక్షరములను చదివి, ఊరి భాషలో చెప్పు వ్యాఖ్యాత యొకడు ఉండుట కద్దు. ఇంటిలో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో అయిన ప్రేక్షకులకు అతని అవసరము మరింత యెక్కువ. ఈ చిత్రపు ఆ ఘట్టములో అట్టి వ్యాఖ్యాతకు పని యుండదు. అంకెలు తగ్గుచున్నవని చదువురానివానికిని తెలియును. నేడు శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ ఒక దినమునకు మించి సాగును. ఇంజనీర్లకు అది వేలకొలది పరీక్షల పట్టిక. టెలివిజను ముందు కూర్చున్నవారు మాత్రము తుది పది అంకెలను పిల్లలతో కలిసి పలుకుదురు. ఆ పది అంకెలు నాటకమునకు చెందినవి. వానిని శాస్త్రమునకు అరువిచ్చినది సినిమా.

ఉఫా సంస్థ ఈ ఘట్టమునకు రాకెట్టు గర్జనను చేర్చవలెనని పట్టుపట్టినది. అప్పటికి అమెరికాలో ‘టాకీ’ వచ్చి రెండేండ్లు గడచినవి. లాంగ్ నిరాకరించెను, ఆ తగవుతో సంస్థకును అతనికిని సంబంధము తెగినది. వ్యాపారదృష్టితో చూచినచో సంస్థ కోరినది తప్పు కాదు. చిత్రమును చూచినవారికి మాత్రము లాంగ్ పట్టుదలయే సరియని తోచును. గర్జన లేకుండ, పొగయు నీరును ఎగజిమ్ముచుండగ, నౌక ఒక్క తృటిలో మాయమగును. తరువాత కెమెరా లోపలి ముఖములను చూపును. వంకరపోయిన పెదవులు, తేలవేసిన కన్నులు, మీటను అందుకొనుటకు అంగుళము అంగుళముగ ప్రాకు హేలియస్ చేయి. శబ్దము చేర్చియున్నచో ప్రేక్షకుడు చెవులు మూసికొనుటతో సరిపోయెడిది. శబ్దము లేదు కావున తన ఊపిరి తనకు వినవచ్చును.

ప్రయాణఘట్టమంతయు ఈ స్థాయిలోనే నడచును. నేలకు అమర్చిన తోలుపట్టీలలో పాదములు దూర్చి నడచుట, సీసానుండి వెలువడిన ద్రవము గుండ్రని బిందువులై గాలిలో తేలుట, చౌకకథల పత్రికలను గుట్టగ చంకనిడుకొని దొంగతనముగ ఎక్కిన గుస్టావ్ అను బాలుడు బయటపడుట, పంజరములో ముసలి ఆచార్యుని ముద్దుల ఎలుక. హాస్యము కూడ శాస్త్రమునుండియే పుట్టినది.

చంద్రునిపై దిగగనే శాస్త్రము వీడ్కోలు పుచ్చుకొనును. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన పీటర్ ఆండ్రియాస్ హాన్సెన్ అను ఖగోళవేత్త, చంద్రుని ఆవలిముఖమున గాలి యుండవచ్చునని ఊహించియుండెను. 1929 నాటికి ఆ ఊహను పట్టించుకొనువారు లేరు. హార్బూ దానిని వెలికితీసి కథకు ఆధారము చేసికొనెను. ముసలి ఆచార్యుడు అగ్గిపుల్ల గీచి చూచును; అది మండును; శిరస్త్రాణమును తీసివేయును. అటుపిమ్మట కొమ్మపుల్ల పట్టుకొని నీటిజాడను వెదకుచు, పల్లెలో బావికి జాగా చూపువానివలె తిరుగును. తుదకు బంగారమును కనుగొని, ఆ యానందములోనే అగాధమున పడి మరణించును. బెర్లిను సమీపమున స్టూడియోలో తెల్లని ఇసుక పోసి నిర్మించిన ఈ చంద్రలోకము కంటికి సుందరమే. 1959 అక్టోబరులో రష్యనుల లూనా-3 ఆవలిముఖమును ఛాయాచిత్రములు తీసిన పిదప దానిని నమ్ముటకు ఎవరికిని వీలు లేకపోయెను. విమర్శకులు సాధారణముగ ఇచ్చట నవ్వి ఊరకుందురు. గాలి లేనిచోట గాలి యుంచుట అసలు దోషము కాదు. పాత్రలు శిరస్త్రాణములలో మాట్లాడుకొనజాలవు, ముఖములు కనబడవు. మూకచిత్రమునకు ముఖమే సర్వస్వము. ఆ మాత్రపు స్వేచ్ఛ ఇయ్యదగినదే. దోషమేమనగా, లెక్క పోయినచోట దానికి సమానమైన ఊహ రాలేదు. పాత నవలల సామగ్రి వచ్చి చేరినది: గుహ, నిధి, ద్రోహి, పిస్తోలు, ఇరువురు పురుషుల నడుమ ఒక స్త్రీ.

ఈ సామగ్రి హార్బూకు క్రొత్తది కాదు. ‘భారతీయ సమాధి’ అను ఆమె నవలను 1921లో జో మే చిత్రముగ తీసెను. దాని చిత్రకథలో లాంగ్‌కును చేయి కలదు. మహారాజు, యోగి, పులులు, నిధి, బందీయైన రాణి, ఇవన్నియు అందులో కలవు. ఆ చిత్రములోని భారతదేశమును బెర్లిను సమీపమున వోల్టర్స్‌డోర్ఫ్ వద్ద కొయ్యతోను సున్నముతోను కట్టిరి. భారతీయ ప్రేక్షకుడు ఆ చిత్రమును చూచినచో ‘చంద్రునిలో స్త్రీ’ రెండవ భాగమును వెంటనే గుర్తుపట్టును. చూడని దేశమును గూర్చియు, చూడని గ్రహమును గూర్చియు రచయిత్రి వ్రాసినది ఒకే కథ. దూరదేశమనగా యూరపువాడు పోయి బంగారమును కనుగొను చోటు.

బంగారమును గూర్చి చిత్రము అడిగిన ప్రశ్న నిజమునకు మంచిది. రాకెట్టుకు ధనమెవరిది? హేలియస్ జ్ఞానము కొరకు పోవుచున్నాడు, ఐదుగురు ధనికులు బంగారము కొరకు పంపుచున్నారు. వారి షరతునకు అతడు తలయొగ్గినాడు. ఉఫా సంస్థయు హుగెన్‌బెర్గ్ ధనముతో నడచుచున్న కాలమది. లాంగ్‌కు ఈ ప్రశ్న పుస్తకములలో చదివినది కాదు. కాని చిత్రము ప్రశ్నను అడిగి, టర్నర్ అను దుష్టుని మెడకు కట్టి, చంద్రునిపై అతనిని చంపించి, చేతులు దులుపుకొనినది. అతనితో ఆ ఐదుగురును కథనుండి మాయమైరి. వేగమును మీటరులలో, కాలమును సెకండ్లలో, మానవదేహపు ఓర్మిని అంకెలలో లెక్కించిన చిత్రము ఈ ఒక్క పద్దును మాత్రము వ్రాయకుండ విడిచినది.

ఆ పద్దును చరిత్ర వ్రాసినది. 1929లో వెర్నర్ ఫాన్ బ్రౌన్ వయస్సు 17 ఏండ్లు. 1930లో అతడు ఓబెర్త్ ప్రయోగములలో సహాయకుడుగ చేరెను. 1932లో జర్మను సైన్యపు కొలువులో రాకెట్టు పనికి కుదిరెను. చంద్రునికి పోవుటకు ధనమిచ్చువారు దొరకలేదు; నగరములను కూల్చుటకు దొరకిరి. నాజీల పాలనలో ఈ చిత్రమును ప్రదర్శనమునుండి తొలగించిరి. ఇందులోని నౌక తమ రహస్యాయుధమునకు మిక్కిలి దగ్గరగ నుండుటయే కారణమని చెప్పుదురు. 1942 అక్టోబరు 3వ తేదీన పేనెమూండె తీరమునుండి మొదటిసారి విజయవంతముగ ఎగసిన రాకెట్టు, తరువాత వి-2 అని పేరొందినది, తన అడుగుభాగమున ఒక బొమ్మను ధరించియున్నది. చంద్రవంకపై కూర్చున్న యువతి బొమ్మ అది; ఈ చిత్రపు పేరునకు గుర్తు. 1944 సెప్టెంబరు మొదలు ఆ రాకెట్లు లండను మొదలగు నగరములపై పడినవి. వానిని సొరంగములలో తయారుచేయుటకు నిర్బంధింపబడిన ఖైదీలలో వేలాదిమంది మరణించిరి. రాకెట్టు పడి చచ్చినవారికంటె దానిని చేయుచు చచ్చినవారే యెక్కువ. చిత్రములోని నౌక పేరు ‘ఫ్రీడ’. కథానాయిక పేరే దానికి పెట్టిరి. జర్మను భాషలో ఆ మాటకు శాంతి యని యర్థము.

లాంగ్ 1933లో దేశము విడిచెను. అతని తల్లి యూదుజాతికి చెందినది. హార్బూ జర్మనీలోనే యుండి నాజీపక్షమున చేరెను. అదే సంవత్సరము వారి వివాహము రద్దైనది. దీనిని బట్టి చిత్రములోని మంచియంతయు లాంగ్‌దనియు, చెడుగంతయు హార్బూదనియు పంచిపెట్టుట కొందరు విమర్శకులకు అలవాటైనది. ఆ పంపకము న్యాయము కాదు. చిత్రము చివరిఘట్టము హార్బూ కల్పనయే, దానికి సమానమైనది లాంగ్ తరువాతి చిత్రములలోను అరుదు.

టర్నరుతో జరిగిన పోరులో నౌకలోని ప్రాణవాయువు కొంత వృథాయగును. అందరును తిరిగిపోవుటకు వీలులేదు, ఒకరు ఉండిపోవలెను. అగ్గిపుల్లలతో చీట్లు తీయగ విండెగ్గర్ వంతు వచ్చును. అతడు భయముతో కుప్పగూలును. హేలియస్ అతనికిని ఫ్రీడకును మత్తుపానీయమిచ్చి, తానే ఉండిపోవ నిశ్చయించి, నౌకను నడుపు బాధ్యతను బాలుడైన గుస్టావ్‌కు అప్పగించును. నౌక వెడలిపోవును. ఒంటరియైన హేలియస్ గుడారమువైపు నడచి, అచ్చట ఫ్రీడను చూచును. ఆమె అతని యుపాయమును కనిపెట్టి దిగిపోయినది. ఆమెను ఎవరును పంపలేదు, ఎవరును చీటి తీయలేదు. చిత్రమంతట పురుషులు ఆమె కొరకు త్యాగము చేయుటకు పోటీపడుచుండగ, ఆమె చలనచిత్రపు కెమెరా పట్టి చంద్రలోకమును తీయుచు తన పని చేసికొనుచుండెను. లెక్కలకు లొంగని నిర్ణయము ఆ చిత్రమున ఇదియొక్కటే. గెర్డా మావురుస్ ముఖమున ఆ క్షణమున గర్వము లేదు, విషాదమును లేదు. ఇతరుల వాదము ముగియువరకు ఓపికపట్టిన మనిషి ముఖమది.

వారిరువురును ఏమైరి? వారికొరకు మరియొక నౌక వచ్చెనా? చిత్రము చెప్పదు. భూమివైపు సాగుచున్న నౌకలో, స్పృహలేని ఇంజనీరు ప్రక్కన, మీటల ముందు చౌకకథల పత్రికలు చదివిన ఆ పిల్లవాడు కూర్చుండియున్నాడు.